అరవై పడవలకు ఒకటే ఇంజను

పంజాగుట్టలో ఒక భవనం మూడో అంతస్తులో, ఏసీ గదిలో కూర్చుని, సముద్రంలో వేటకు వెళ్లే అరవై పడవలకు ఏ ఇంజను బిగించాలో నేను తేల్చేశాను. నా కిటికీలోంచి కనిపించేది మెట్రో రైలు, దాని కింద చౌరస్తాలో ఇరుక్కుపోయిన బస్సులు. అప్పటికి మెకానికల్ ఇంజినీరుగా నాకు ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. పంపులు, జనరేటర్లు, కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్లు, వీటి మీద నేను రాసిన నివేదికల్లో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆ సంగతి అడగని వాళ్లకు కూడా చెప్పేదాన్ని.

రిటైరై రెండేళ్లయింది. ఈమధ్య నా దగ్గర పనిచేసి వెళ్లిన ఒక అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో మీకు బాగా గుర్తున్న పని ఏంటి?" అని అడిగింది. పేరు తెచ్చిన పనులు నాలుగైదు ఉన్నాయి, వాటిలో ఒకటి చెబుదామనుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం ఇదే. ఆమెకు పది నిమిషాల్లో చెప్పినదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. మీరూ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లే అయితే, ఏదో ఒక రోజు మీ సంతకంతో ఒక వస్తువు ఎక్కడో దూరాన మీరు ఎన్నడూ చూడని మనిషి చేతికి వెళ్తుంది. ఆ రోజుకు ముందే ఇది చదవడం మంచిది.

పని ఇలా వచ్చింది. ఉత్తర కోస్తాలో ఒక మత్స్యకారుల సంఘం తుఫానులో బాగా దెబ్బతింది. విరిగిన పడవలను వాళ్లే బాగు చేసుకున్నారు కానీ ఇంజన్లు నీళ్లపాలయ్యాయి. బేగంపేటలో ఆఫీసు ఉన్న ఒక కంపెనీ తన సేవా కార్యక్రమం కింద అరవై ఇంజన్లు ఇస్తామంది. పడవ వెనక అంచుకు బయట నుంచి తగిలించే రకం అవి. వేట అయ్యాక విప్పి ఇంటికి తెచ్చుకోవచ్చు. వాటిలో టూ-స్ట్రోక్ కొనాలా, ఫోర్-స్ట్రోక్ కొనాలా తేల్చి చెప్పమని మా ఆఫీసును అడిగారు.

ఇంజినీర్లు కానివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. టూ-స్ట్రోక్ అంటే మీ తాతగారి పాత స్కూటరు. పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి. ఎప్పుడూ నీలం పొగ, వీధి చివరి దాకా వినిపించే చప్పుడు, పెట్రోలు కూడా ఎక్కువే తాగుతుంది. కానీ తేలిక, లోపల భాగాలు తక్కువ. ఫోర్-స్ట్రోక్ అంటే మీరు ఇప్పుడు నడుపుతున్న బండి. నూనె విడిగా తన గదిలో ఉంటుంది, పొగ ఉండదు, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోతుంది. కానీ బరువు. అదే శక్తి ఉన్న ఇంజనుకు పది పన్నెండు కిలోలు ఎక్కువే తూగుతుంది.

రెండు రకాలూ ఒక్కొక్కటి తెప్పించి అమీర్‌పేటలో ఉస్తాద్ షెడ్డుకు చేర్చాను. ఉస్తాద్ అని అందరూ పిలిచే ఆ మెకానిక్ ముప్పై ఏళ్లు టూ-స్ట్రోక్ స్కూటర్లు బాగు చేసి, అవి రోడ్డు మీద కనబడకుండా పోయాక జనరేటర్లకు మారాడు. కోచింగ్ సెంటర్ల వెనక, లేడీస్ హాస్టళ్ల మధ్య సందులో రేకుల షెడ్డు. ఒక పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి, దాని అంచుకు చెక్క బిగించి, ఇంజను తగిలించి నడిపాము. టూ-స్ట్రోక్ మొదలెట్టిన ఐదు నిమిషాలకు పై హాస్టల్ కిటికీలోంచి ఒక అమ్మాయి తల బయట పెట్టి, "అంకుల్, మాకు రేపు ఎగ్జామ్ ఉంది, ఏంటీ పొగ!" అని అరిచింది. ఆ తర్వాత దాన్ని హాస్టల్ పిల్లలు క్లాసులకు వెళ్లాకే నడిపాము. ఫోర్-స్ట్రోక్ నడిచినప్పుడు ఎవరూ కిటికీ తెరవలేదు. నాకు అప్పుడే మనసులో తీర్పు అయిపోయింది.

పది రోజుల పరీక్షలో ఒకే ఒక తేడా వచ్చింది. ఒకరోజు పొద్దున ఫోర్-స్ట్రోక్ స్టార్ట్ చేస్తే గుప్పున తెల్లపొగ కమ్మింది. ఉస్తాద్ వెంటనే ఆపి, ప్లగ్గు విప్పి చూపించాడు. నూనెలో ముంచి తీసినట్టుంది.

"రాత్రి నేనే దీన్ని కింద పండబెట్టిన మేడం. తప్పు పక్కకు పండబెట్టిన. నూనె మొత్తం సిలిండర్‌ల దిగింది."

"పక్క ఏదైతే ఏంటి?"

"గదే కద ఫరక్. గీ బొమ్మ చూడుండ్రి," అని మూత మీద చిన్న స్టిక్కరు చూపించాడు. ఒక వైపు పడుకోబెట్టొచ్చు, ఇంకోవైపు పడుకోబెట్టకూడదని గీత కొట్టి ఉంది. "టూ-స్ట్రోక్ గాడిద లెక్క మేడం. ఎట్ల పడేసినా లేసి నడుస్తది. గిది గుర్రం. నడిస్తే మస్తు నడుస్తది, కానీ నాజూక్ ఉన్నది. జర రాసుకోండి."

రాసుకున్నాను. నివేదికలో ముప్పై ఒకటో పేజీలో, నిర్వహణ సూచనల జాబితాలో, ఏడో వరుసలో ఒక వాక్యం: ఇంజనును నేలపై ఉంచునపుడు గుర్తు చూపిన పక్కకు మాత్రమే ఉంచవలెను. ఆ పేజీ ఉస్తాద్‌కు కూడా చూపించాను. ఆ వాక్యంతో నా బాధ్యత తీరిపోయిందని నిజంగానే అనుకున్నాను.

తీరానికి వెళ్లకుండా రాశానని అనుకోకండి. వెళ్లాను. కంపెనీ వాళ్లు కారులో తీసుకెళ్లి హార్బరు చూపించారు. సిమెంటు గట్టు, దానికి వరసగా కట్టేసిన పడవలు, గట్టు మీద నీడ. ఇంజన్లు పడవలకే ఉంచి తాళాలు వేసుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురిని అడిగితే, దూరం వెళ్లాలంటే పెట్రోలే పెద్ద బాధ అన్నారు. నేను విందామనుకున్న మాట అది. సంఘంలో ఇంకా వేరే పడవలు ఎక్కడ ఉంటాయని అడగాలని తోచలేదు. మధ్యాహ్నం భోజనం చేసి తిరిగి వచ్చేశాను.

నివేదిక అందరికీ నచ్చింది. అరవై పడవలకూ ఫోర్-స్ట్రోక్. మా డైరెక్టరుగారు చివరి పేజీ చదివి, "గిట్ల ఉండాలె మేడం రిపోర్టు. ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు," అన్నారు. ఆయన మంచి మనిషి, కష్టపడి పైకి వచ్చినవాడు. క్లయింటు ముందు తడబడటం మాత్రం ఆయనకు ప్రాణసంకటం.

మొదటి విడతగా పది ఇంజన్లు పంపారు. ఆరు వారాలు ఏ కబురూ లేదు. ఇంజన్ల విషయంలో కబురు లేకపోవడమంటే బాగున్నాయని అర్థం.

ఆ తర్వాత ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు కంపెనీ తరఫున అక్కడ ఉండే ఫీల్డు మనిషి నుంచి ఫోన్ వచ్చింది. ముందురోజు వేటకు వెళ్లిన ఒక పడవ తిరిగి రాలేదు. నలుగురు ఉన్నారు. కొత్త ఇంజను బిగించిన పడవ.

"వాతావరణం బాలేదా?" అని అడిగాను.

"బాగానే ఉంది మేడం. మిగతా పడవలన్నీ వచ్చేశాయి."

ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని నా నివేదిక తీసి చదవడం. సిగ్గుపడాల్సిన విషయమే. నలుగురు మనుషులు సముద్రంలో ఉంటే, నా వైపు తప్పు ఏదీ లేదని చూసుకుంటున్నాను. ముప్పై ఒకటో పేజీ దాకా వచ్చి ఆగాను. ఎందుకు ఆగానో అప్పటికి తెలియదు. టిఫిన్ డబ్బా తెరవలేదు. కిటికీ అవతల మెట్రో వస్తూ పోతూ ఉంది. ఒంటిగంట దాటాక మళ్లీ ఫోన్ వచ్చింది. దొరికారు. నలుగురూ క్షేమం. దాహంతో సొమ్మసిల్లి ఉన్నారు, అంతే. ఇంజను నడిసముద్రంలో పట్టేసి ఆగిపోయింది. ఒడ్డుకు దగ్గరలోనే మరో రెండు ఇంజన్లు కూడా అప్పటికే పట్టేసి ఉన్నాయని, సంఘంవాళ్లు చెప్పడానికి మొహమాటపడ్డారని కూడా తెలిసింది.

మా డైరెక్టరుగారికి చెప్పగానే ఆయన ముందు కళ్లు మూసుకుని, "దేవుడు కాపాడిండు," అన్నారు. ఆ వెంటనే, "వాళ్లకు వాడుడు రాలే మేడం. యూజర్ మిస్టేక్. అట్లనే రాద్దాం," అన్నారు. ఆ క్షణంలో నేను కూడా అదే అనుకున్నాను.

ఆ మూడు ఇంజన్లూ లారీలో అమీర్‌పేటకు వచ్చాయి. వాటితో పాటు సంఘం పెద్ద ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, తెల్ల చొక్కా, లుంగీ. యూసుఫ్‌గూడలో అద్దె గదిలో ఉంటున్న దూరపు చుట్టాల దగ్గర దిగాడట. ఇంజన్లు విప్పేటప్పుడు తమ మనిషి ఒకరు ఎదురుగా ఉండాలని సంఘం తీర్మానించి పంపింది. అంటే మమ్మల్ని వాళ్లు నమ్మలేదు. నమ్మకపోవడం సబబే.

ఉస్తాద్ మొదటి ఇంజను పక్కన చతికిలబడి, నూనె చూసే పుల్ల బయటికి లాగాడు. పొడిగా ఉంది. ఇంకో రెండింటిదీ అంతే.

"నూనె లేకుండనే నడిపిండ్రు," అన్నాడు. లోపలి భాగాలు విప్పి బల్ల మీద పెట్టాడు. ఇనుము నీలంగా మాడి, గీతలు పడి ఉంది.

నేను పెద్దాయన వైపు తిరిగాను. నా గొంతులో కాస్త గెలుపు ఉందేమో, ఇప్పుడు తలుచుకుంటే ఉందనే అనిపిస్తుంది. "అన్నగారూ, ఈ ఇంజనుకు రోజూ నూనె చూసుకోవాలని చెప్పారు కదా?"

"హార్బరుకాడ సెప్పినారంట తల్లీ. మాది హార్బరు కాదు. మాది ఇసకొడ్డు. ఆ రోజు మేం ఏటకెల్లాం."

"మరి పొగ రాలేదా? నూనె కాలుతుంటే పొగ వస్తుంది. చాలా రోజుల ముందు నుంచే వచ్చి ఉండాలి."

"ఎందుకు రాలేదు? వచ్చినాది." ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. "పొగొస్తంటే బాగుందనే గదమ్మా అనుకున్నాం. ముప్పయ్యేళ్లుగా మా ఇంజన్లన్నీ పొగ ఒదిలినియ్యే. పొగ రాకపోతేనే భయపడతాం."

ముప్పై ఏళ్లు టూ-స్ట్రోక్ నడిపిన మనిషికి పొగ అంటే ఇంజను బతికి ఉందని గుర్తు. నేను రాసిన నలభై పేజీల్లో ఎక్కడా పొగ వస్తే ఆపండి అని లేదు. ఏ ఇంజినీరుకైనా తెలిసిన విషయమే కదా అని రాయలేదు. చదివేది ఇంజినీరు కాడని తెలిసి కూడా రాయలేదు.

"నూనె సిలిండర్‌లకు ఎట్ల వస్తున్నది మరి?" ఉస్తాద్ అడిగాడు. "పెద్దన్నా, ఒడ్డుకొచ్చినంక దీన్ని ఎట్ల దించుతరు?"

పెద్దాయన మాటలతో చెప్పలేదు. లేచి, మేము పరీక్షకు వాడిన ఫోర్-స్ట్రోక్ దగ్గరికి వెళ్లి ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర పట్టుకోవడానికి ఉస్తాద్ కదిలాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపి నా వైపు చూశాడు. "మీరు రండమ్మా."

నాకు యాభై ఆరేళ్లు, ఒంటి మీద చీర, మెడలో ఆఫీసు ఐడీ కార్డు. కొంగు దోపుకుని పట్టుకున్నాను. లేపగానే నడుములో కలుక్కుమంది. ఆయన సందులోకి నడిచాడు, వెనక నేను. "ఇప్పుడు ఎనక నించి అల వస్తంది," అని వేగం పెంచాడు. "మోకాల్లోతు నీల్లు. కాలు కింద ఇసక జారతంది. పడవ ఒక పక్క కొట్టుకొస్తంది. పడవ మీద పడేలోగా పైకెల్లాల!" నోట్సు సంకలో పెట్టుకుని వస్తున్న కోచింగ్ పిల్లలు పక్కకు తప్పుకుని, ఈ ముసలాయనా ఈ మేడమూ ఎక్కడికి పరిగెడుతున్నారా అని నిలబడి చూశారు. పాతిక అడుగులు వేశామేమో. నా వేళ్లు పట్టు తప్పాయి. ఇంక నా వల్ల కాదని ఇంజనును నేల మీద పెట్టేసి, గోడకు ఆనుకుని రొప్పుతూ నిలబడ్డాను.

ఉస్తాద్ తీరిగ్గా వచ్చి, ఇంజను వైపు వంగి చూసి, చాలా మర్యాదగా అన్నాడు. "మేడం, ముప్పై ఒకటో పేజీ."

తప్పు పక్కకు పెట్టాను. సిమెంటు నేల మీద, పట్టపగలు, అలలు లేని అమీర్‌పేట సందులో, ఆ వాక్యం రాసిన నేనే.

పెద్దాయన నవ్వలేదు. నా పక్కన మెట్టు మీద కూర్చుని, బీడీ తీసి, వెలిగించకుండానే చేతిలో పెట్టుకున్నాడు. "రోజూ ఇదే తల్లీ. ఏ పక్క పైకుందో సూసుకుంటే మనిసి మిగలడు. రోజూ కాస్త నూనె దిగిపోనాది, పొగైపోనాది. మాకు తెల్దు."

"ఆ పడవలో ఉన్న నలుగురూ ఇప్పుడెలా ఉన్నారు?"

"బాగున్నారు. ఒకడు మా అల్లుడే." బీడీని వేళ్ల మధ్య తిప్పాడు. "నేనిక్కడికి కోపంతోనే వచ్చినాను. మీరు మోసినారు గదా, ఇప్పుడు లేదు."

క్షమాపణ చెప్పాలనుకున్నాను. దానికి బదులు ఇంజినీరు బుద్ధి కొద్దీ పరిష్కారం అందుకున్నాను. "సరే అన్నగారూ. మిగతా యాభై టూ-స్ట్రోక్ పంపించమని రాస్తాను. అందరికీ."

ఆయన నన్ను ఒక వింత జంతువును చూసినట్టు చూశాడు. "మల్లీ అందరికీ ఒకటే అంటన్నారేటి?"

అప్పుడు చెప్పాడు, తన అల్లుడి పడవను వెతికి పట్టుకున్నది ఎవరో తెలుసా అని. అదే సంఘంలో హార్బరు పడవ. దానికి బిగించింది కూడా ఇదే కొత్త ఇంజను. దాన్ని రోజూ విప్పరు, మోయరు, పడుకోబెట్టరు. తెల్లారి బయల్దేరి మధ్యాహ్నం దాకా సముద్రమంతా గాలించి, నలుగురినీ ఎక్కించుకుని, ఆ పడవను తాడు కట్టి లాక్కొచ్చాక కూడా డబ్బాలో పెట్రోలు మిగిలింది. "పాత ఇంజనైతే సగం దూరంలోనే ఎనక్కి తిరగాల. అప్పుడు మా వోడు దక్కడు. ఈ ఇంజనే ముంచినాది, ఈ ఇంజనే తెచ్చినాది. హార్బరోల్లకాడ నించి దీన్ని లాగేస్తే వాల్లు మిమ్మల్ని ఒగ్గుతారా?"

ఇరవై ఎనిమిదేళ్లలో నాకు ఇంత సూటిగా ఇంజినీరింగు చెప్పినవాళ్లు లేరు.

రెండు రోజుల తర్వాత బేగంపేటలో కంపెనీ మీటింగు. మిగతా యాభై ఇంజన్ల ఆర్డరు మీద ఆ రోజే సంతకం. కారులో వెళ్తుండగా మా డైరెక్టరుగారు ఒక కాగితం ఇచ్చారు. లోపం వాడకంలో ఉంది, మరోసారి శిక్షణ ఇస్తే సరిపోతుంది, ఇంజను ఎంపిక సరైనదే. కింద నా సంతకానికి ఖాళీ.

"ఇది నిజం కాదు సార్," అన్నాను.

"అబద్ధం సుత కాదు కద మేడం. నూనె చూస్కోలేదు, ఇంజను పోయింది."

"ఎంపికే తప్పు. నేనే తప్పు రాశాను."

ఆయన కారు అద్దం కిందికి దించి, మళ్లీ పైకి ఎత్తారు. "మీరు రాసిందే కద. ఇప్పుడు మీరే కాదంటే, రేపు మన రిపోర్టు ఎవరు నమ్ముతరు? జర సోచాయించండి."

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. నేను ఆలోచించాను కూడా. పంజాగుట్ట నుంచి బేగంపేట దాకా ట్రాఫిక్కు పుణ్యమా అని ఆలోచించడానికి కావలసినంత సమయం దొరికింది. కాగితం మడిచి ఆయనకే తిరిగి ఇచ్చాను.

మీటింగులో నా వంతు రాగానే నిలబడి, మొదటి నివేదికను వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. హార్బరు పడవలకు ఫోర్-స్ట్రోక్ సరైనది, ఇసకొడ్డు పడవలకు కాదు, ఇసకొడ్డు పడవలు ఉన్నాయని కనుక్కోకపోవడం నా పొరపాటు అన్నాను. కొనుగోళ్లు చూసే అధికారి వెంటనే అడ్డుపడ్డారు. రెండు రకాలైతే విడిభాగాలు రెండు రకాలు, మెకానిక్కులు రెండు రకాలు, తలనొప్పి రెండింతలు అన్నారు.

దానికి జవాబు నా దగ్గర లేదు, కింద రిసెప్షన్‌లో ఉంది. నేను రమ్మంటే వచ్చిన పెద్దాయనను, లుంగీ చూసి సెక్యూరిటీ సోఫాలో కాకుండా తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను కిందికి వెళ్లి, ఆయనను వెంటబెట్టుకుని పైకి వచ్చాను. కొనుగోళ్ల అధికారి తన ప్రశ్న మళ్లీ అడిగారు.

పెద్దాయన చేతులు కట్టుకోలేదు, తల వంచలేదు. "సిన్న సేపకో వల, పెద్ద సేపకో వల ఉంది బాబూ మాకు. రెండు రకాల పడవలున్నాయి. ఇంజను ఒక్కటే రకం ఉండాలని ఎవులు సెప్పినారు? మాకు రెండూ బాగు సేసుకోవడం వచ్చు. రాకపోతే నేర్సుకుంటాం. సముద్రంలో ఆగిపోకుండా ఉంటే సాలు."

కంపెనీ తరఫున పెద్దగా వచ్చిన ఆవిడ అప్పటిదాకా అన్నీ రాసుకుంటూ ఉన్నారు. ఇప్పుడు నన్ను అడిగారు. "మీ మొదటి రిపోర్టు నమ్మి పది ఇంజన్లు పంపాం. ఈ రెండో మాట మేం ఎందుకు నమ్మాలి?"

ఉద్యోగంలో నన్ను అడిగిన ప్రశ్నల్లో ఇంతకంటే న్యాయమైనది లేదు. "ఇప్పుడే నమ్మకండి. పది రోజులు గడువు ఇవ్వండి. ఇసక మీద నిలబడి చూసి, ఒక్కో పడవ లెక్కన రాసిస్తాను. అప్పటిదాకా ఆ ఒడ్డున ఉన్న కొత్త ఇంజన్లు వాడొద్దని ఇవాళే చెప్పించండి."

ఆవిడ కలం మూత పెట్టేశారు. ఆ రోజు ఆర్డరు మీద సంతకం పడలేదు.

వెళ్లాను. ఈసారి కారు అడగలేదు. పెద్దాయన ఇంటి పక్కన ఒక టీచరమ్మ ఇంట్లో దిగి, వారం రోజులు పొద్దునా సాయంత్రం ఒడ్డునే ఉన్నాను. మొదటి పడవ అలల మీది నుంచి వచ్చి ఇసకను తాకినప్పుడు నలుగురు నీళ్లలోకి దూకారు. ఇద్దరు పడవను పట్టుకున్నారు, ఇద్దరు ఇంజను విప్పి భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చి, పొడి ఇసక మీద దబ్బుమని పడేసి, పడవను లాగడానికి మళ్లీ నీళ్లలోకి పరిగెత్తారు. కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. అంతా చూశాక ఆ స్టిక్కరు గుర్తొచ్చి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. అరవై పడవల్లో ముప్పై ఏడు ఇసకొడ్డువి, ఇరవై మూడు హార్బరువి. ప్రతి పడవ యజమానితో మాట్లాడి రాసుకున్నాను. ఇసకొడ్డు వాళ్లలో ఇద్దరు మాకు ఫోర్-స్ట్రోకే కావాలన్నారు, కారణం చెప్పారు, వాళ్లు ఎక్కువ దూరం పోతారు, తిరిగి హార్బరుకే వస్తారు. వాళ్లిద్దరి పేర్లు ఆ జాబితాలోకి మార్చాను. రెండో నివేదిక పదకొండు పేజీలు. పొగ గురించి మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో, వాళ్లు మాట్లాడే మాటల్లో రాశాను.

కంపెనీ ఒప్పుకుంది. ఇంజన్లు చేరడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలు చాలా మంది తెడ్డుతో, తెరచాపతో దగ్గరలోనే వేటాడారు. ఆ నష్టం నా పొరపాటుదే. దాన్ని ఏ రెండో నివేదికా పూడ్చలేదు.

మా డైరెక్టరుగారు మూడు వారాలు నాతో ముభావంగా ఉన్నారు. ఆ ఏడాది ఖాళీ అయిన విభాగాధిపతి పోస్టు నా జూనియర్‌కు వెళ్లింది. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి నా గదిలోకి వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుని, తను కుర్రతనంలో ఒక పంపుహౌసు విషయంలో తప్పు లెక్క వేసి, దాన్ని ఎవరికీ చెప్పకుండా దాటేసిన సంగతి చెప్పారు. "ఇప్పటికీ ఆ రోడ్డు మీద పోతే కారు స్పీడు పెంచమని డ్రైవరుకు చెప్త మేడం," అన్నారు. ఇద్దరం టీ తాగాం. మళ్లీ ఆ విషయం మా మధ్య రాలేదు. పోస్టు పోయినందుకు బాధపడ్డానా అంటే, పడ్డాను, ఒక దసరా దాకా. ఆ తర్వాత మరిచిపోయాను. కారులో ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే మాత్రం ఏ పండుగకూ మరిచిపోయేదాన్ని కాదు.

ఉస్తాద్ ఇప్పటికీ అదే షెడ్డులో ఉన్నాడు. ఆ రెండు నెలల్లో సంఘం తరఫున ఇద్దరు మెకానిక్కులు వచ్చి అతని దగ్గర పని నేర్చుకుని వెళ్లారు. "గాడిదకూ గుర్రానికీ రెండింటికీ వైద్యం నేర్పిన" అని గొప్పగా చెప్పుకుంటాడు.

పోయిన వారం పెద్దాయన ఫోన్ చేశాడు. అల్లుడికి కూతురు పుట్టిందని చెప్పాడు, నా నడుము ఎలా ఉందని అడిగాడు. తర్వాత అసలు సంగతి. బ్యాటరీతో నడిచే ఇంజన్లట, పెట్రోలూ వద్దు, నూనే వద్దు, చప్పుడే లేదట, ఎవరో వచ్చి చూపించి వెళ్లారు. సంఘంలో సగం మంది తీసుకుందామంటున్నారు, సగం మంది వద్దంటున్నారు.

"మీరేటంటారు తల్లీ?"

"నాకు వాటి గురించి ఏమీ తెలియదు అన్నగారూ."

అవతల నుంచి పెద్ద నవ్వు వినిపించింది. "మాకూ తెల్దు. అందుకే రమ్మంటన్నాం."

శుక్రవారం రైలుకు టికెట్టు తీశాను.